తడిపిన తరువాతే కొలవవలెను

1913వ సంవత్సరం ఆగస్టు పన్నెండో తేదీ, మంగళవారం. సముద్రాల అవతలి చెరుకుతోటల దీవిలో, లౌటోకాకు ఆవల, లోవు తీరంలోని సున్నపు బట్టీ వద్ద జరిగిన విచారణకు హాజరైనవారు: తీరపు రాబడి చూసే దొర ఒకరు, ఆయనకు గుమస్తా, దుబాసీ అయిన జగన్నాథ్, తీరగ్రామపు పెద్ద ఎపేలి, అప్పలస్వామి కొడుకూ, గిరిమిట్ అనే ఐదేళ్ల కూలి ఒప్పందం ముగిసినవాడూ, బట్టీ యజమానీ అయిన కన్నయ్య. జగన్నాథ్ తన చిట్టాలో మొదట రాసుకున్న వరుస ఇది. కన్నయ్య భార్య అంకమ్మ పేరు అందులో లేదు. ఆమె పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంది. అందరికంటే ఎక్కువ మాట్లాడింది కూడా. స్త్రీలను హాజరైనవారిగా చూపే గడి ఆ చిట్టాలో లేకపోవడం వల్ల ఆమె లేనట్టే లెక్క.

విచారణ సముద్రం విసిరేసిన పగడపు రాళ్ల గురించి. తుపాను విరిచి ఒడ్డుకు తోసిన పగడాన్ని ఆటు సమయంలో మోకాలి లోతు నీళ్లలో ఏరుకోవడం, మడచెట్ల కట్టెలు ఒక వరుస, రాయి ఒక వరుస పేర్చి రెండు రోజులు కాల్చడం, కాలిన రాయి మీద నీళ్లు చల్లి సున్నం చేయడం కన్నయ్య పని. ఆ సున్నం కొంత మిల్లుకు పోయి చెరుకురసంలో మడ్డిని విరిచేది. కొంత కూలీల బారకాసు ఇళ్ల గోడలకు, కొంత తాంబూలాలకు పోయేది. పండగ దినాల్లో ఎపేలి ఊరి కుర్రకారు జుట్టు రంగు మారేందుకు తలకు పట్టించుకోవడానికి ఒక దోసెడు తీసుకుపోయేవారు.

చెరుకుతోటలో ఐదేళ్లు ఇంకొకరి గంటకు నిద్ర లేచినవాడు మూడేళ్లుగా సముద్రం పోటూ ఆటూ చూసి లేస్తున్నాడు. ఈ మార్పు కన్నయ్యకు ఎంతో నచ్చింది.

అంతలో కొత్త ఉత్తర్వు వచ్చింది. తీరంలో దొరికే రాయి, ఇసుక, కట్టె దేనితో సరుకు చేసినా ఐదింట ఒక వంతు ప్రభుత్వానికి చెల్లించాలి. సరుకు దాచకుండా చూపినవారికి లైసెన్సు. దాచినవారికి లైసెన్సు లేదు. లైసెన్సు లేని బట్టీని నెలాఖరుకు కూల్చేస్తారు. బట్టీ పోతే కన్నయ్యకు మిగిలే దారి ఒక్కటే: ఎస్టేటు ఆఫీసులో మళ్లీ ఒప్పందానికి వేలిముద్ర. తోటలో కూలీల మీద పెత్తనం చేసే సిర్దారు ఈ సంగతి ముందే పసిగట్టి, ఈ మధ్య రెండుసార్లు వచ్చి కుటుంబం యోగక్షేమాలు విచారించి పోయాడు.

జగన్నాథ్ పొద్దున్నే ఎపేలి పడవలో దిగాడు. ఆయనది గంజాం జిల్లా బరంపురం; ఒడియా, తెలుగు, హిందీ, ఇంగ్లీషు వచ్చు. తెలియని విషయం ఎదురైతే ఆ నాలుగింటిలో ఏదో ఒక భాషలో దానికి జవాబు చెప్పగలిగేవాడు. పడవ అడుగున చీలమండ లోతు నీళ్లున్నందువల్ల ఆయన బూట్లు తడిసి కిచకిచమంటున్నాయి. చంకలో ప్రభుత్వపు గంప ఉంది. దాని అంచుకు సీసపు ముద్ర వేలాడుతోంది.

"ఆ గంప మాదానికంటే పెద్దదిలాగుంది బాబూ" అంది అంకమ్మ.

"ప్రభుత్వం కూడా మీకంటే పెద్దదేనమ్మా" అన్నాడు జగన్నాథ్.

అప్పటికి బట్టీలోంచి తీసిన రాయంతా కాలి, తేలికై, బూడిదరంగు తెలుపుతో కుప్పగా పడి ఉంది. జగన్నాథ్ దగ్గరుండి కొలిపించాడు. ముప్పై గంపలు. చిట్టాలో రాసి, సిరా ఆరేందుకు ఇసుక అద్ది, ఎపేలిని దొరకోసం తిరిగి పంపాడు. పంపుతూ ఒక హెచ్చరిక చేశాడు.

"చూడు ఎపేలీ, ఇక్కడి సరుకు ఇప్పటినుంచి సర్కారుది. నా మాట లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు. నువ్వూ అంతే."

"ముట్టుకోను" అన్నాడు ఎపేలి. తోటల పక్కన నేర్చిన హిందీలో ఆయన ఒక్కొక్క మాటా తూచినట్టు పలికేవాడు. అరవయ్యేళ్ల మనిషి, పొడవాటి చేతులు, తొందర ఎరగని కళ్లు. ఇచ్చిన మాటను ఎంత జాగ్రత్తగా నిలుపుకునేవాడో ఆ సాయంత్రానికి అందరికీ తెలిసింది.

దొర రావడానికి మధ్యాహ్నం పోటు రావాలి. ఈలోగా జగన్నాథ్ కొబ్బరిచెట్టు కింద బూట్లు ఆరబెట్టుకుని, కునుకు తీశాడు. ఆదివారానికల్లా చర్చి గోడలకు వెల్లవేయడానికి ఎపేలి ఊరివాళ్లు సున్నం అడిగి ఉన్నారు. ఆ పని ఆగకూడదని, పొద్దుటి హెచ్చరిక ఎపేలికే గాని తనకు కాదనుకుని, కన్నయ్య పది గంపల రాయిని పక్కకు లాగి నీళ్లు చల్లాడు. రాయి బుసలు కొట్టింది, ఆవిరి కక్కింది, పగుళ్లు విచ్చి మెత్తటి పిండిగా కూలింది. కూలేకొద్దీ కుప్ప పెరిగింది. రోజూ చూసేదే కాబట్టి మొగుడూ పెళ్లాలు దాని వంకైనా చూడలేదు.

దొర వచ్చాడు. సన్నగా, ఎర్రగా, ఎండను వ్యక్తిగత శత్రువుగా భావించే మనిషి. కొలత తన ఎదుట మరోసారి జరగాలన్నాడు. రాయి ఇరవై గంపలు. పిండి ఇరవైనాలుగు.

జగన్నాథ్ చిట్టాను ఒకసారి చూశాడు. కుప్పల్ని రెండుసార్లు చూశాడు.

"ఏమయ్యా కన్నయ్యా! పొద్దున ముప్పై. ఇప్పుడు నలభైనాలుగు. ఈ పధ్నాలుగు గంపలు పొద్దున ఎక్కడ దాచావు?"

"దాచడమేటి బాబూ? నీళ్లు పోసినాను. పొంగింది."

"పొంగిందా?"

"రాయికి నీళ్లు తగిల్తే రెండింతలు పైనే అవుద్ది బాబూ. ఎవరినడిగినా సెప్తారు."

జగన్నాథ్ నవ్వాడు. బరంపురంలో వాళ్ల నాన్నకు ఇరవై ఏళ్లు పాలు పోసిన గొల్లవాడి మీద ఆయనకు ఇంకా కోపం పోలేదు. "నీళ్లు పోస్తే సరుకు పెరుగుతుందని నాకూ తెలుసు. మా ఇంట్లో చెంబుతో సహా తెలుసు. సర్కారుకు నీళ్లు కలిపిన సరుకు అంటగడదామనా?"

"అయ్యో! ఇది పాలేటండీ?" అంది అంకమ్మ.

"నువ్వుండమ్మా. విచారణ జరుగుతోంది."

దొర ఏమిటని అడిగాడు. జగన్నాథ్ ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు: ఇతను పధ్నాలుగు గంపలు దాచాడు, అడిగితే కల్తీ చేశానని ఒప్పుకుంటున్నాడు. సముద్రతీరంలో అనువాదానికి కూడా కొంత తేమ తగులుతుంది కాబోలు, ఆ మాట బాగా పొంగి మరీ దొర చెవికి చేరింది.

దొర తీర్పు చిన్నది. నలభైనాలుగులో ఐదోవంతు, సుమారు తొమ్మిది గంపలు, ఇప్పుడే తీసుకుంటారు. నీళ్లు కలపని స్వచ్ఛమైన సరుకే తీసుకుంటారు. దాచిన గంపల సంగతి తేలేదాకా లైసెన్సు ఇవ్వరు. సంతకానికి సిద్ధం చేసి తెచ్చిన లైసెన్సు కాగితాన్ని దొర మళ్లీ తోలుసంచిలో పెట్టి బకిలు బిగించాడు.

ఆ బకిలు శబ్దం వింటూ కన్నయ్య లెక్క వేసుకున్నాడు. తొమ్మిది గంపల రాయి అంటే ఇరవై గంపలకు పైబడిన సున్నం. అంటే ఈ బట్టీలో దగ్గర దగ్గర మూడోవంతు. అదీ పోతే పోనీ. కాగితం సంచిలోకి పోయింది.

"బాబూ, రాయే పట్టుకెళ్లండి. కాని ఒక్క మాట దొరగారికి సెప్పండి. దానికి తడి తగలకూడదు. పడవలో అసలే కూడదు. నిప్పంత వేడి పుడతాది."

జగన్నాథ్ దొరవైపు తిరిగి, "మంచి సరుకు ఇవ్వడానికి ఇష్టం లేక సాకులు చెబుతున్నాడు" అన్నాడు. దొర తల ఊపాడు. ఇలాంటి సాకులు ఆయన చాలా విన్నాడు. ఒక్కదాన్నీ చివరిదాకా వినకపోవడం ఆయన అలవాటు.

తొమ్మిది గోనెసంచులు పడవలోకి చేరాయి. పడవ అడుగున నీళ్లు పొద్దుటికంటే కొంచెం పెరిగాయి. కూర్చునే బల్ల తడిగా ఉంది. దొర చుట్టూ చూసి, పొడిగా, ఎత్తుగా, తన హోదాకు తగినట్టుగా కనిపించిన చోట, అంటే రాబడి మీదే, కూర్చున్నాడు. జగన్నాథ్ చిట్టాను గుండెకు హత్తుకుని ముందుకొసన నిలబడ్డాడు. ఎపేలి తెడ్డు అందుకున్నాడు.

ఒడ్డున అంకమ్మ నడుం మీద చేతులు వేసుకుంది.

"ఎల్లనీ మావా. నువ్వు సెప్పినావు, ఆళ్లు ఇనలేదు. ఇంకో గడియలో రాయే సెప్తాది."

"కాలిపోతారే!"

"ఆ దొర ఏటి నీ బావమరిదా?"

"కాయితం ఆ సంచిలో ఉంది" అన్నాడు కన్నయ్య. ఒక్క క్షణం ఆగి, "దొర కూడా మనిషే" అని కూడా అన్నాడు. ఏది ముందు అన్నాడో అంకమ్మ ఆ తరవాత చాలా ఏళ్లు గుర్తు చేస్తూ ఉండేది.

పంచె ఎగగట్టి నీళ్లలోకి ఉరికాడు. ఆ తీరం చాలా దూరం నడుములోతే. పడవ కూడా మెల్లగా పోతోంది. ఎపేలి దేన్నీ తొందరగా చేయడు.

"ఆపండి! దిగండి బాబూ, దిగండి!"

"చూశారా దొరగారూ" అన్నాడు జగన్నాథ్, "సంచులు లాక్కోవడానికి వస్తున్నాడు. ఎపేలీ, త్వరగా పోనీ!"

ఎపేలి అదే వేగంతో పోనిచ్చాడు.

దొరకు మొదట హాయిగానే ఉంది. ఆ దేశపు పడవల్లో ఇంత వెచ్చటి ఆసనం ఆయనకు ఎన్నడూ దొరకలేదు. తరవాత కొంచెం ఎక్కువ వెచ్చగా అనిపించింది. పక్కకు జరిగాడు. అక్కడ ఇంకా వెచ్చగా ఉంది. కింది సంచిలోంచి ఏదో బుసకొట్టింది. గోనె పిగిలి తెల్లటి ఆవిరి ఆయన మోకాళ్ల మధ్యనుంచి లేచింది. దొర కూడా లేచాడు. చిన్నతనంలో తప్ప ఆయన అంత వేగంగా ఎన్నడూ లేచి ఉండడు.

కన్నయ్య అప్పటికి పడవ అంచు పట్టుకున్నాడు. "సంచి పట్టుకుని దూకండి! తోలుసంచి, తోలుసంచి!" అని అరిచాడు. ఆ గందరగోళంలో కూడా ఏ సంచో చెప్పడం మరిచిపోలేదు. దొర తోలుసంచిని నెత్తిమీద పెట్టుకుని నడుములోతు నీళ్లలోకి దిగాడు. జగన్నాథ్ చిట్టాను నెత్తిమీద పెట్టుకుని దిగాడు. ఎపేలి మాత్రం తెడ్డు ఒళ్లో పెట్టుకుని, కాళ్లు బల్లమీదికి ముడుచుకుని కూర్చున్నాడు. పడవ వెనుక కొసన కూర్చున్న మనిషి కాబట్టి ఆయనకేమీ కాలేదు.

కన్నయ్య గోనెల్ని ఒక్కొక్కటే చెవులు పట్టి ఎత్తి దూరంగా విసిరాడు. రెండు గోనెల అడుగులు అప్పటికే మాడిపోయాయి. ప్రభుత్వపు ఐదోవంతు సముద్రంలో పడి కుతకుత ఉడికింది, పాలలా పొంగింది, అలల మీద తెల్లగా పరుచుకుని దొర నడుం చుట్టూ తిరిగింది. తొమ్మిది గంపలు ఎన్ని గంపలవుతాయో దొర తన కళ్లతో, దాదాపు తన ఒంటితో చూశాడు.

"గుమస్తా," అన్నాడు ఆ తెలుపు వంక చూస్తూ, "ఇది పొంగుతుంది."

"అవునండి. అదే మనవి చేయబోతున్నాను" అన్నాడు జగన్నాథ్.

ఒడ్డుకు చేరాక జగన్నాథ్ కోపమంతా ఎపేలి మీద చూపాడు. "నీకు తెలుసు కదయ్యా! మీ వాళ్లు తలకు రాసుకునేది ఇదేగా! పక్కన కూర్చుని ఆవిరి వస్తుంటే చూస్తూ తెడ్డు వేస్తావా?"

"ముట్టుకోకూడదన్నావు" అన్నాడు ఎపేలి. "ముట్టుకోలేదు."

"చెప్పచ్చు కదా!"

"అడగలేదు."

దొర లాగు వెనుక భాగం పోయింది. ఒళ్లు మాత్రం ఎర్రబడి ఆగింది. అంకమ్మ కొబ్బరినూనె ఇచ్చి, కన్నయ్యదే ఒక ఉతికిన పంచె ఇచ్చి, మొహం పక్కకు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. ఎపేలి తన అతిథికి జరిగిన అవమానానికి మర్యాదగా యంగోనా అనే మత్తువేరు దంచి నీళ్లలో పిసికి, కొబ్బరిచిప్పతో మొదటి గుటక దొరకే అందించాడు. కూర్చోవడం కష్టం కాబట్టి దొర పక్కకు ఒరిగి పడుకుని తాగాడు. నాలుక మొద్దుబారింది. లాగు ఆరడానికి రెండు గంటలు పట్టేట్టు ఉంది. చేయడానికి వేరే పని లేక ఆయన సంచిలోంచి ఉత్తర్వు తీశాడు. ఎనిమిది నెలలుగా తాను అమలు చేస్తున్న ఆ ఉత్తర్వును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవడానికి ఆయనకు ఆనాడే తీరిక దొరికింది.

చదువుతుండగా ఎపేలి అడిగాడు. జగన్నాథ్ ఈసారి ఉన్నదున్నట్టు అనువదించాడు.

"ఈ ఐదోవంతు ఎక్కడికి పోతుంది?"

"ఖజానాకు. దానితో రోడ్లు వేస్తాం, వంతెనలు కడతాం."

"రోడ్డు మంచిదే" అన్నాడు ఎపేలి. "లోవుకు రోడ్డు ఉంటే నువ్వు నా పడవ ఎక్కే పని లేదు."

దొర తన పంచె వైపు చూసుకున్నాడు.

"ఆ పగడం మా తాతలనాటి నుంచి మాది. ఏటా మొదటి బట్టీ పేర్చే ముందు కన్నయ్య ఒక కట్ట యంగోనా వేరు తెచ్చి నా గుమ్మంలో పెట్టి అడుగుతాడు. నేను సరేనంటాను. సంవత్సరానికి ఒకసారి చర్చికి సున్నం ఇస్తాడు. మేం ఎప్పుడూ కొలవలేదు."

"కొలవకపోతే అతను తక్కువ ఇచ్చాడో లేదో నీకెలా తెలుస్తుంది?"

"గోడ కనిపిస్తుంది కదా" అన్నాడు ఎపేలి.

దొర మళ్లీ ఉత్తర్వు పేజీలు తిప్పాడు. ఒకచోట వేలు పెట్టి, "గుమస్తా, ఆరో నిబంధన చదివావా?" అన్నాడు.

చదివానన్నాడు జగన్నాథ్. యంత్రం లేకుండా చేత్తో ఏరుకునేవారికి ఐదోవంతు కాదు, పదోవంతు అని ఉంది.

"ఎవరికైనా చెప్పావా?"

జగన్నాథ్ ఎపేలి వైపు చూసి, కళ్లు దించుకున్నాడు. "ఎవరూ అడగలేదండి."

"తొమ్మిదోది?"

తొమ్మిదోది ఇంకా చిత్రమైనది. ఊరి ఉమ్మడి తీరం నుంచి వచ్చిన రాబడిలో సగం, వీలున్నచోట, ఆ ఊరికే ఖర్చు పెట్టాలి. ఆ 'వీలు' ఇప్పటిదాకా ఏ ఊళ్లోనూ కనబడలేదని దొరకు బాగా జ్ఞాపకం. ఆయన ఒత్తిగిలబోయి, మూలిగి, మళ్లీ అదే పక్కన పడుకుని, లైసెన్సులో పదోవంతనీ, ఇక్కడ వీలుందనీ రాయమన్నాడు.

అయితే సిద్ధం చేసి తెచ్చిన ఆ కాగితంలో మూడో షరతు అడ్డం వచ్చింది: సరుకులో నీళ్లు కలపరాదు. జగన్నాథ్ దాన్ని గీత గీసి కొట్టేసి, కలం ముంచి, అందమైన గుండ్రటి చేతిరాతతో పైన రాశాడు: తడిపిన తరువాతే కొలవవలెను. రాసి, గొంతు సవరించుకుని, కన్నయ్యకు తెలుగులో చదివి వినిపించాడు.

"ఏ గంపతో?" అంది అంకమ్మ.

జగన్నాథ్ దొర వైపు చూశాడు. ముద్రవేసిన గంప పడవలో ఆ గోనెల పక్కనే ఉండిపోయింది. అడుగు మాడి, ఒక చేయి దూరేంత కన్నం పడింది. దానితో కొలిస్తే ప్రభుత్వానికే నష్టం.

"మీ గంపతోనే అమ్మా" అన్నాడు. ఆ రోజు ఆయన నోట వచ్చిన మొదటి మెత్తటి మాట అది. "పధ్నాలుగు గంపల సంగతి కూడా కొట్టేస్తున్నాను."

"కొట్టేయండి. మీరు మాత్రం గొల్లోడి మీద ఇంక కోపం ఉంచుకోకండి బాబూ."

"వాడిది నీళ్లేనమ్మా. అది మాత్రం నిజం."

ఇక వేలిముద్ర. జగన్నాథ్ కన్నయ్య బొటనవేలు పట్టుకుని సిరా పూసి ముందుగా ఒక చిత్తు కాగితం ముక్క మీద నొక్కాడు. నల్లటి గుండ్రం పడింది; అందులో ఒక్క గీత లేదు. మళ్లీ తుడిచి మళ్లీ నొక్కాడు. మళ్లీ గుండ్రమే. మూడేళ్ల సున్నం ఆ వేలిని కడిగి కడిగి నున్నగా చేసేసింది.

"ఇది ఎవరి వేలైనా కావచ్చు" అన్నాడు దొర, వెలుగుకు పట్టి చూసి.

కన్నయ్య కూడా తన వేలు తిప్పి తిప్పి చూసుకున్నాడు. సిర్దారు రెండుసార్లు వచ్చి ఆశపడిన వేలు ఇది. ఇప్పుడు దాని మీద కన్నయ్య అనే మనిషి జాడే లేదు. అతనికి నవ్వొచ్చింది.

"సంతకం పెడతాను బాబూ."

"వచ్చా?"

"వానాకాలం బడికి రెండేళ్లెళ్లినాను. మద్రాసు కూలీల డిపోలో ఎవరూ అడగలేదు. వేలు అట్టుకుని ముంచేసినారు."

కలం ఇచ్చారు. కన్నయ్య చేతులు పంచెకు తుడుచుకుని, ఇసుకలో బోర్లించిన పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొదట 'క' రాశాడు. అది కొంచెం వాలింది. 'న్న' రాసేటప్పుడు నాలుక కొస పళ్ల మధ్యకు వచ్చింది. 'య్య' దగ్గర సిరా అయిపోతే మళ్లీ ముంచి పూర్తి చేశాడు. దొర సంతకం పడుకునే చేశాడు. ఎపేలి ఊరి పెద్దగా తన పేరు పెద్ద అక్షరాలతో రాశాడు. హాజరైనవారి వరుసలో ఒకరు తక్కువయ్యారని జగన్నాథ్‌కు అప్పుడు తోచింది. గడి లేకపోయినా అంచున ఇరికించి అంకమ్మ పేరు రాశాడు.

సాయంత్రం ఎపేలి పడవలోని నీళ్లన్నీ తోడేసి, అడుగున కొబ్బరి ఆకులు పరిచాడు. దొర తీరం కనిపించేంత సేపూ నిలబడే వెళ్లాడు. లాగు ఒక చేతిలో ఉంది. పంచె మాత్రం తిరిగి పంపిస్తానని మాట ఇచ్చాడు.

అంకమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. సున్నపు భరిణె ఉన్న తాంబూలపు సంచిలో పెట్టబోతే కన్నయ్య వద్దన్నాడు. వేలిని తిన్నది కాగితాన్ని ఊరికే వదలదు. గుడిసె దూలానికి కట్టిన వెదురు గొట్టంలో ఐదేళ్ల గిరిమిట్ ముగిసినట్టు ఎస్టేటు ఇచ్చిన రసీదు ఉంది. కొత్త కాగితాన్ని దాని మీదుగా జొనిపి, గుడ్డపేలికతో మూతి బిగించి, అంకమ్మ ఆ గొట్టాన్ని కప్పులోకి తోసింది.